బాబాకు అమెరికా చదివి వినిపించిన రోజులు

నేను ఒమన్‌కు వంటమనిషిగా వచ్చాను. వచ్చిన ఏడాదికి అమెరికా చరిత్ర చదవడం మొదలుపెట్టాను. రెండూ ఒకే ఇంట్లో, ఒకే జీతం మీద జరిగాయి. చెబితే వినేవాళ్ళు నవ్వుతారు గానీ నాకు అందులో వింతేమీ కనబడదు. కడప జిల్లాలో డిగ్రీ చదివినదాన్ని. మా మండలంలో ఒక ప్రైవేటు స్కూల్లో తొమ్మిదేళ్ళు ఆరో తరగతికీ ఏడో తరగతికీ సోషల్ చెప్పినదాన్ని. కరోనా కాలంలో ఆ స్కూలు మూతపడింది, మళ్ళీ తెరవలేదు. ఏజెంటు దగ్గరికి వెళ్తే వంట వచ్చా, ముసలివాళ్ళను చూసుకుంటావా అని రెండే ప్రశ్నలు అడిగాడు. వచ్చు, చూసుకుంటాను అన్నాను. చదువు గురించి ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

మా ఇల్లు అల్ ఖౌద్‌లో, యూనివర్సిటీకి దగ్గరలో. మా ఇల్లు అనే అంటాను, ఆ ఇంట్లో ఏ డబ్బా ఎక్కడుందో నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు మరి. ఇంటి పెద్దను బాబా అనేదాన్ని, నాన్న అని ఆ మాటకు అర్థం. డెబ్భై దాటిన మనిషి, యూనివర్సిటీలో చరిత్ర చెప్పి రిటైరయ్యారు. ఆయన భార్య పోయి చాలాకాలమైంది. ఇల్లు నడిపేది ఆయన కూతురు, నేను మేడమ్ అనేదాన్ని. ఆమె మస్కట్‌లో ఆఫీసుకు వెళ్తుంది. ఆమె భర్తది దుక్మ్ పోర్టులో ఉద్యోగం, వారాంతాలకే ఇంటికి వస్తాడు. ఇద్దరు ఆడపిల్లలు, బడికి పోయే వయసు.

బాబా కళ్ళకు ఒక జబ్బు ఉంది. చూపు చుట్టూ ఉంటుంది, మధ్యలో ఉండదు. గోడలు, తలుపులు, మనుషులు తెలుస్తారు. సూటిగా దేన్ని చూస్తే అది మాయమైపోతుంది. అక్షరాలు సూటిగా చూడవలసినవే కాబట్టి చదువు మొత్తం పోయింది. అయినా ఆయన ఒక పుస్తకం రాస్తున్నారు. అమెరికాలో అంతర్యుద్ధం అయ్యాక ఆ శతాబ్దం చివరి దాకా ఏం జరిగిందో, రైళ్ళు, ఉక్కు, చమురు, ఎన్నికలు, వలస వచ్చిన జనం, అన్నీ కలిపి అరబీలో. ఒక స్టూడెంటు వచ్చి ఇంగ్లీషు పుస్తకాలు చదివి పెట్టేవాడు. అతనికి ఉద్యోగం వచ్చాక రావడం మానేశాడు.

ఒకరోజు మధ్యాహ్నం కహ్వా కాఫీ పట్టుకుని, అతిథులు కూర్చునే మజ్లిస్ గదిలోకి వెళ్ళాను. బాబా భూతద్దం పెట్టి ఒక పేజీ మీద వంగి ఉన్నారు. తనలో తను విసుక్కుంటున్నారు. మేడమ్ వచ్చిందా అని అడిగారు. ఇంకా రాలేదన్నాను. నేను కప్పు పెడుతూ పేజీ చూశాను.

"రైలు మార్గాలు, రైతులు అని ఉంది బాబా, పైన. పుస్తకం తలకిందులుగా పెట్టారు" అన్నాను.

ఆయన తల ఎత్తి నా భుజం పక్కకు చూశారు. ఆయన మనిషిని చూడాలంటే అట్లా పక్కకే చూడాలి.

"నీకు ఇంగ్లీషు చదవడం వచ్చా?"

"చదువు చెప్పేదాన్ని బాబా."

"ఏం చదువు?"

"చరిత్ర."

ఆయన పుస్తకాన్ని తిప్పి నా వైపు జరిపారు. "కూర్చో" అన్నారు. ఆ ఇంట్లో ఆ గదిలో నేను కూర్చోవడం అదే మొదలు.

అప్పటి నుంచి నాలుగు గంటలకు మొదలుపెట్టి పొద్దుగూకి మగ్రిబ్ నమాజు పిలుపు వినబడే దాకా చదివేదాన్ని. నా ఇంగ్లీషు బడి ఇంగ్లీషు. బాబా పలుకు దిద్దేవారు, నేను నేర్చుకునేదాన్ని. మాటలు మాత్రం ఇంగ్లీషు, హిందీ, అరబీ కలగలిపి మాట్లాడుకునేవాళ్ళం. నెల తిరిగేసరికి నన్ను 'ఉస్తాదా' అని పిలవడం మొదలుపెట్టారు. టీచరమ్మ అని దాని అర్థం. మొదట్లో వెక్కిరింతగా అన్నారేమో గానీ తరువాత అదే అలవాటైంది. మేడమ్‌కు అభ్యంతరం లేదు. వంట ఆలస్యం కాకపోతే చాలంది. ఆలస్యం చేయలేదు. చపాతీ పిండి మూడున్నరకే కలిపి మూతపెట్టి వచ్చేదాన్ని.

ఆ పుస్తకాల్లో అమెరికా నాకు తెలిసిన అమెరికా కాదు. ఎవరికి వాళ్ళు డబ్బు సంపాదించడానికి పరుగెత్తే దేశం, రోడ్లు బురద, ఊళ్ళ మీద బొగ్గుపొగ. కొన్ని విషయాలు అర్థం కావడానికి కష్టపడ్డాను. ట్రస్ట్ అనే మాట వస్తే దేవస్థానం ట్రస్టు లాంటిదనుకుని రెండు పేజీలు అట్లాగే చదివాను. చమురు కంపెనీలన్నీ పోటీ మానుకుని నలుగురి చేతికింద చేరడాన్ని ట్రస్ట్ అన్నారని బాబా చెబితే, నేను వెనక్కి వెళ్ళి మళ్ళీ మొదటి నుంచి చదివాను. ఒక్కో ఊరికి ఒక్కో మధ్యాహ్నం ఉండేదట. సూర్యుడు నడినెత్తికి వస్తే ఆ ఊళ్ళో పన్నెండు. రైలు కంపెనీలు కూడబలుక్కుని ఒక్కరోజులో దేశం మొత్తం గడియారాలు మార్చేశాయట. అది చదివినప్పుడు నేనే ఆగి బాబాతో అన్నాను: "సూర్యుడి పని కూడా కంపెనీవాళ్ళే చేశారన్నమాట." ఆయన పొట్ట కదిలేలా నవ్వారు.

కొన్ని విషయాలు ఆయనకంటే నాకే బాగా తెలుసు. పడమటి రాష్ట్రాల రైతులు రైలు కిరాయిల వల్ల ఎట్లా చితికిపోయారో చదువుతున్నాం. పంట ధర కంటే మోసిన కూలి ఎక్కువైతే రైతు పంటను పొలంలోనే ఎందుకు వదిలేస్తాడు, కొంచెం వచ్చినా అమ్ముకోవచ్చు కదా అన్నారు బాబా. మా నాన్నది బొప్పాయి, అరటి తోట. నేను పుస్తకం ఒళ్ళో పెట్టుకుని చెప్పాను. కోసిన కూలి ముందే ఇయ్యాలి, లారీవాడికి ముందే ఇయ్యాలి, మార్కెట్లో ధర వాళ్ళు చెప్పిందే ధర. కోయకుండా వదిలేస్తే పంట ఒక్కటే పోతుంది. కోస్తే పంటా పోతుంది, చేతి నుంచి పెట్టిందీ పోతుంది. బాబా శ్రద్ధగా విన్నారు. "గోధుమలు కొన్నాళ్ళు నిలవ ఉంటాయి కదా" అన్నారు. "గోధుమలు ఉంటాయి బాబా, అప్పిచ్చినవాడు ఉండడు" అన్నాను. ఆయన రికార్డు చేసుకునే ఫోను నా ముందుకు జరిపి, "మళ్ళీ చెప్పు" అన్నారు.

నగరాల్లో పార్టీవాళ్ళ గురించి చదివినప్పుడూ అంతే. ఓడ దిగిన వలసవాళ్ళకు పని చూపించి, చలికాలంలో బొగ్గు బస్తా ఇచ్చి, చావుకు పెళ్ళికి వచ్చి నిలబడి, ఎన్నికల రోజున ఓట్లన్నీ మూటగట్టుకునే వార్డు నాయకులు. వాళ్ళు చెడ్డవాళ్ళని ఆ పుస్తకం రాసినాయన తేల్చేశాడు. నేను ఒప్పుకోలేదు. "ఆ బొగ్గు బస్తా ఇంకెవరైనా ఇచ్చారా?" అని అడిగాను. దాని మీద మూడు రోజులు వాదించుకున్నాం. ఎవరూ గెలవలేదు.

ఆ ఏడు వానలకు వాదీ అనే ఎండువాగు పొంగి మా ప్రహరీ గోడ ఒక పక్క పగిలింది. బాగుచెయ్యడానికి ఒక మేస్త్రీ వచ్చాడు. జగిత్యాల వైపు మనిషి, మబేలాలో ఉంటాడు. నాలుగు రోజుల పని. నేను అతనికి చాయ్ ఇస్తూ తెలుగులో మాట్లాడడం బాబా విన్నారు. అప్పుడు మేం ఒక కంపెనీ ఊరి గురించి చదువుతున్నాం. రైలు పెట్టెలు చేసే ఒక యజమాని పనివాళ్ళ కోసం చక్కటి ఇటుక ఇళ్ళతో ఊరే కట్టాడు. ఇళ్ళు అతనివే, అంగడి అతనిదే, చర్చి కూడా అతనిదే. గిరాకీ తగ్గినప్పుడు కూలి తగ్గించాడు గానీ ఇంటి కిరాయి తగ్గించలేదు. పని ఆగింది, రైళ్ళు ఆగాయి, సైన్యం వచ్చింది. అంత మంచి ఇళ్ళిచ్చినా పనివాళ్ళకు ఎందుకంత కోపమని బాబా చాలా రోజులుగా ఆలోచిస్తున్నారు. మేస్త్రీ మూడేళ్ళు దుక్మ్‌లో కంపెనీ పనివాళ్ళ క్యాంపులో ఉన్నాడని నేను చెప్పగానే, పిలవమన్నారు.

మేస్త్రీ కాళ్ళు కడుక్కుని గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. "ఏందక్కా, పెద్దసారు ఏమడుగుతుండు?"

"నువ్వు దుక్మ్ క్యాంపులో ఉంటివి గదన్నా, ఆడ ఎట్లుండె అని అడుగుతాండారు. ఉన్నదున్నట్టు చెప్పు, ఆయప్ప పుస్తకం రాస్తాండాడు."

"మంచిగనే ఉండె. ఏసీ రూమ్, మెస్, బట్టలుతికే మిషిని, అన్నీ కంపెనీయే ఇచ్చింది. దుకాణం గూడ క్యాంపులనే. గానీ డ్యూటీ పోయిందనుకో, ఆ రోజే రూమ్ గూడ పోతది. తినుడు పోతది. అందుకే ఫోర్‌మన్ ఏమన్నా నోర్మూసుకొని పడుంటుంటిమి."

"ఇప్పుడు?"

"ఇప్పుడు మబేలాల మేం ఐదుగురం గలిసి రూమ్ కిరాయికి తీసుకున్నం. ఏసీ ఖరాబున్నది. గోడకు చెమ్మ. గానీ తాళంచెవి మాది."

నేను ఒక్కో మాటా బాబాకు చెప్పాను. తాళంచెవి మాట రెండుసార్లు చెప్పించుకున్నారు. ఆ మాటను పుస్తకంలో పెట్టుకోవచ్చా అని అడగమన్నారు. "పెట్టుకోమనక్కా. పేరు మాత్రం వద్దు" అన్నాడు మేస్త్రీ.

సాయంత్రం తాపీ, బకెట్టు కడుక్కుంటూ అతను మామూలుగా అన్నాడు: "రేపు రానక్కా. శుక్రారం కదా, ఛుట్టీ. మా రూమోళ్ళకు క్రికెట్ మ్యాచ్ ఉంది. నీకే రోజు ఛుట్టీ?"

"నాకు లేదన్నా."

"లేదా? ఎన్ని రోజుల సంది?"

"వచ్చినప్పటి నుంచీ."

అతను బకెట్టు తీసుకుని వెళ్ళిపోయాడు. నేను అక్కడే కొంతసేపు నిలబడ్డాను. రెండేళ్ళు దాటింది. అంతకుముందు ఎవరూ అడగకపోవడం వల్ల నేనూ లెక్కపెట్టుకోలేదు. మరుసటి రోజు శుక్రవారం. బాబా తమ్ముళ్ళు, వాళ్ళ పిల్లలు, అందరూ వచ్చే రోజు. ఇరవై మందికి అన్నం, మాంసం, చేప, సలాడు. అందరికీ సెలవైన రోజే నాకు అన్నిటికంటే ఎక్కువ పని.

తరువాతి వారం ఒక ధనవంతుల ఇంటి విందు గురించి చదివాను. కొత్త డబ్బు చేసినవాళ్ళు ఎంత ఆడంబరంగా బతికారో చెప్పే భాగం. పన్నెండు రకాల వడ్డనలు. ఒక్కో వడ్డనకు వేరే పళ్ళాలు, వేరే గ్లాసులు. పూలు ఎక్కడి నుంచి తెప్పించారో, ఆడవాళ్ళు ఏం తొడుక్కున్నారో రెండు పేజీలు. నేను చదవడం ఆపాను.

"ఆ గిన్నెలన్నీ ఎవరు కడిగారు బాబా?"

"రాయలేదా?"

"లేదు. ముందు పేజీలోనూ లేదు, తరువాతా లేదు."

ఆయన గడ్డం నిమురుకున్నారు. "రాసినవాళ్ళు తినడానికి వెళ్ళినవాళ్ళు" అన్నారు. తరువాత, "నేనూ రాయలేదు. గనులు రాశాను, మిల్లులు రాశాను. వంటగది రాయలేదు" అన్నారు.

మర్నాడు ఆయన అల్మరాలు మొత్తం వెతికించారు. నేను కుర్చీ ఎక్కి ఒక్కో పుస్తకం పేరు చదవడం, ఆయన కింద నుంచి అవును, కాదు అనడం. చివరికి రెండు పుస్తకాల్లో పనిమనుషుల సంగతి దొరికింది. ఐర్లండు నుంచి ఒంటరిగా ఓడలెక్కి వచ్చిన ఆడపిల్లలు ఇళ్ళల్లో పనికి కుదిరారు. పొద్దున్నే లేచి పొయ్యి రాజేసిన దగ్గర నుంచి ఇంటివాళ్ళు పడుకునే దాకా పని. అక్కడే పుట్టిన అమ్మాయిలు మాత్రం ఫ్యాక్టరీకే పోతామనేవాళ్ళట. ఫ్యాక్టరీలో దుమ్మున్నా, చేతులు తెగినా, సైరన్ మోగాక సాయంత్రం వాళ్ళది. ఇంటి పనిలో సాయంత్రం లేదు. మిల్లులవాళ్ళు ఎనిమిది గంటల పనికోసం వీధుల్లోకి వచ్చినప్పుడు, ఈ ఆడపిల్లల గంటలు ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. అయినా వాళ్ళకు ఒక ఆనవాయితీ ఉండేది. ప్రతి గురువారం మధ్యాహ్నం నుంచి, వారం విడిచి వారం ఆదివారం సెలవు.

ఆ వాక్యం నేను పైకి చదివాను. మళ్ళీ మనసులో చదువుకున్నాను. నూట ముప్పై ఏళ్ళ కిందటి పనిమనిషికి నాకంటే ఎక్కువ సెలవుంది. నాకు ఏడుపు రాలేదు, కోపం కూడా రాలేదు. ఇక అడగాలి అనిపించింది, అంతే.

గురువారం సాయంత్రం మేడమ్ మజ్లిస్‌లో కూర్చుని శుక్రవారం వంటల గురించి చెబుతోంది. బాబా అక్కడే ఉన్నారు. ఆమె చెప్పడం అయ్యేదాకా ఆగి అన్నాను: "మేడమ్, నాకు వారానికి ఒకరోజు సెలవు కావాలి."

ఆమె ఫోను పక్కన పెట్టింది. "ఒంట్లో బాగోలేదా?"

"బాగుంది. సెలవు కావాలి."

"ఇక్కడ నీకేం తక్కువైంది? నిన్ను మా ఇంట్లో మనిషిలాగా చూస్తున్నాం కదా."

"చూస్తున్నారు మేడమ్, నేను కాదనను. కానీ శుక్రవారం భోజనాలయ్యాక ఇంట్లో మనుషులందరూ పడుకుంటారు. నేను ఒక్కదాన్నే పడుకోను."

ఆమె ముఖం ఎర్రబడింది. బయట తిరిగితే ఏమైనా జరిగితే ఎవరిది బాధ్యత అంది. బాబాను ఎవరు చూసుకుంటారంది. తరువాత ఆలోచిద్దాం అని లేచింది. నేను బాబా వైపు చూశాను. ఆయన ఒక్క మాట మాట్లాడలేదు. చేతికర్ర మీద రెండు చేతులూ పెట్టి గోడ వైపు చూస్తూ కూర్చున్నారు.

అది నాకు తగిలింది. మేడమ్ కాదనడం కంటే ఆయన మాట్లాడకపోవడమే ఎక్కువగా తగిలింది.

శుక్రవారం అతిథులు, చదువు లేదు. శనివారం నాలుగింటికి వెళ్ళి పుస్తకం తెరవకుండానే కూర్చున్నాను.

"బాబా, నూట ముప్పై ఏళ్ళ కిందటి ఆమె గురించి రాయడం సులువు. ఆమె వచ్చి మిమ్మల్ని సెలవడగదు."

"ఇల్లు నా కూతురు నడుపుతుంది" అన్నారు మెల్లగా. "నాకు మందులు ఆమె ఇవ్వాలి, డాక్టరు దగ్గరికి ఆమె తీసుకెళ్ళాలి. నేను ఆమె మీద ఆధారపడ్డ మనిషిని ఉస్తాదా."

"అందరం ఎవరో ఒకరి మీద ఆధారపడ్డవాళ్ళమే. మీరు ఒక మాట అంటే ఆమె మందులివ్వడం మానేయదు. నన్నైతే విమానం ఎక్కించొచ్చు. అయినా నేను అడిగాను."

ఆయన చేతికర్ర అందుకుని, "ఈరోజుకు చాలు" అన్నారు. ఏమీ చదవకుండానే లేచి వచ్చేశాను.

మరుసటి రోజు పిలవలేదు. ఆ తరువాతి రోజూ పిలవలేదు. నేనిచ్చిన అన్నం తింటున్నారు, మాట లేదు. భయం వెయ్యలేదని చెప్పను. పక్కింట్లో పనిచేసే గోదావరి జిల్లా అక్క ఒకామె ఉంది, నాకంటే ఎనిమిదేళ్ళు పెద్దది. చెత్త వెయ్యడానికి వీధి చివరికి వెళ్ళినప్పుడు కలుసుకునేవాళ్ళం. జరిగింది చెబితే చేతిలో సంచి కింద పెట్టేసింది.

"నీకేవన్నా మతిపోయిందేంటే అమ్మాయ్? వీసా కేన్సిల్ చేసి పంపేత్తే ఏం చేత్తావ్?"

"పంపితే పోతానక్కా. అడిగినందుకు పంపినారని చెప్పుకుంటా."

"చెప్పుకుంటే కడుపు నిండుద్దా? పదేళ్ళ నుంచి ఉన్నాను, నేనెప్పుడైనా అడిగానా?"

"అడిగింటే ఎట్లుండునో నీకూ తెలీదు గదక్కా."

ఆమె సంచి తీసుకుంది. "నీ నోటికి దణ్ణం పెట్టాలి తల్లీ" అని వెళ్ళిపోయింది. నేను ఇంటికి వచ్చి చీపురు పట్టుకుని, ఊడ్చిన గదినే మళ్ళీ ఊడ్చాను. ఊళ్ళో అమ్మ గుర్తుకొచ్చింది, నా జీతం మీద కాలేజీ చదువుతున్న కొడుకు గుర్తుకొచ్చాడు. అయినా అడిగిన మాట వెనక్కి తీసుకోవాలని మాత్రం అనిపించలేదు.

నాలుగోరోజు పొద్దున మేడమ్ ఆఫీసుకు వెళ్ళకుండా వంటగదిలోకి వచ్చింది. కుర్చీ లాక్కుని కూర్చుంది.

"నువ్వు మా నాన్నకు ఏం చదివి వినిపిస్తున్నావు?"

"ఆయన పుస్తకాలే మేడమ్."

"మూడు రోజులుగా ఆయన నాతో మాట్లాడటం లేదు. నేనిచ్చిన మందు తీసుకోవడం లేదు, పెద్దపిల్ల ఇస్తే వేసుకుంటున్నారు. ఏమైందని అడిగితే నిన్న చెప్పారు." ఆమె ఆగింది. నవ్వాలో కోప్పడాలో ఆమెకే తెలియనట్టుంది. "సమ్మె చేస్తున్నారట. నీకు సెలవిచ్చేదాకా మాటా లేదు, పుస్తకమూ లేదట."

నా చేతిలో గరిటె అట్లాగే ఉండిపోయింది. ఆయన నా మీద కోపంతో మాట్లాడటం లేదని నేననుకున్నాను. నేను నవ్వేశాను, ఆపుకోలేకపోయాను. నన్ను చూసి ఆమె కూడా నవ్వింది. నవ్వయ్యాక ముఖం తుడుచుకుని, "చెప్పు, ఏ రోజు?" అంది.

"శుక్రవారం."

"శుక్రవారం వద్దు. ఇంటినిండా జనం. నేను ఒక్కదాన్నే చెయ్యలేను."

"అయితే శనివారం. పొద్దున ఎనిమిది నుంచి."

"మధ్యాహ్నం నుంచి."

"మధ్యాహ్నం నుంచి అంటే వంట చేసి వెళ్ళాలి మేడమ్. అది సెలవు కాదు. శుక్రవారమే వండి పెడతాను, మీరు వేడి చేసుకోండి. మగ్రిబ్‌కు ఇంట్లో ఉంటాను."

ఆమె చాలాసేపు బల్ల మీద వేలితో గీతలు గీసింది. "ఎక్కడికి వెళ్తున్నావో చెప్పి వెళ్ళాలి. ఫోను ఎత్తాలి."

"ఎత్తుతాను."

ఆ మధ్యాహ్నం నాలుగింటికి బాబా పిలిచారు. మేమిద్దరం సమ్మె మాట ఎత్తలేదు. ఆయన ముఖం మాత్రం వెలిగిపోతోంది. "ఎక్కడ ఆపాం?" అన్నారు. నేను పేజీ తీశాను.

శనివారం నేను లేనప్పుడు బాబా తన చాయ్ తనే పెట్టుకుంటానన్నారు. ఆయన జీవితంలో పొయ్యి ముట్టించి ఎరగరు. పొయ్యి మీట ఎంతవరకు తిప్పాలో చేతికి తెలిసేలా నేను ప్లాస్టర్ ముక్కలు అతికించాను. సన్నమంటకు ఒకటి, పెద్దమంటకు రెండు. రెండురోజులు నేను పక్కన నిలబడి నేర్పాను. మొదటి శనివారం పాలు పొంగించి పొయ్యంతా పాడుచేశారు. మూడో శనివారానికి మనవరాళ్ళకు కూడా పెట్టి ఇచ్చారని మేడమ్ చెప్పింది.

ఆ మొదటి శనివారం నేనేం చేశానని అందరూ అడుగుతారు. మంచి చీర కట్టుకుని టాక్సీలో మబేలా వెళ్ళాను. ఒక హోటల్లో మసాలా దోసె తిన్నాను. ఎవరో వండింది, ఎవరో తెచ్చి నా ముందు పెట్టింది. నెమ్మదిగా తిన్నాను. అంగళ్ళు తిరిగాను, ఏమీ కొనలేదు. ఇంకేం చెయ్యాలో తెలియలేదు. పన్నెండయ్యేసరికి ఒక పార్కులో నీడ చూసుకుని కూర్చున్నాను, కూర్చున్నదాన్ని అట్లాగే నిద్రపోయాను. లేచేసరికి మూడు దాటింది. చెంప మీద బెంచీ పలకల అచ్చు పడింది. పట్టపగలు, ఎవరూ పిలవని నిద్ర. అంత గాఢంగా నేను ఊళ్ళో కూడా పడుకోలేదు.

గోదావరి అక్క మూడు నెలలు నన్ను గమనించింది. నన్ను విమానం ఎక్కించరని నమ్మకం కుదిరాక వాళ్ళ మేడమ్‌ను అడిగింది. అడగడానికి ముందు నా దగ్గర రెండుసార్లు ఒప్పజెప్పింది, స్కూల్లో పిల్లలు పద్యం ఒప్పజెప్పినట్టు. వాళ్ళ మేడమ్ ఆఖరికి శనివారం మధ్యాహ్నం అనింది, అదీ వారం విడిచి వారం. అక్క పరుగున వచ్చి చెప్పింది: "మొత్తం ఇవ్వలేదే. సగవే ఇచ్చింది. అయినా ఇచ్చిందే!" మేమిద్దరం కలిసి సీబ్ బీచికి వెళ్ళాం. అక్క మోకాళ్ళ దాకా నీళ్ళల్లోకి దిగి, ఒమన్‌కు వచ్చి పదేళ్ళయినా ఈ సముద్రం కారు అద్దంలోంచి చూడటమేగాని తాకలేదని చెప్పింది.

బాబా పుస్తకంలో ఇప్పుడు వంటగది మీద ఒక అధ్యాయం ఉంది. నేను చదువుతాను, ఆయన అరబీలో చెబుతారు, సాయంత్రాలు మేడమ్ కంప్యూటర్‌లో టైప్ చేస్తుంది. పోయిన నెల ఆ అధ్యాయం మొదటిసారి ఆమె చేతికి వచ్చింది. నేను పళ్ళు కోసి తీసుకెళ్ళేసరికి ఆమె టైప్ చెయ్యడం ఆపి తెర వైపే చూస్తోంది. ఆ రోజుల్లో పెద్దింటి ఆడవాళ్ళు కలుసుకుంటే పనిమనుషుల గురించి ఏమేం మాట్లాడుకునేవాళ్ళో ఉన్న భాగం అది. వీళ్ళకు సెలవెందుకు, ఇంట్లో మనిషిలాగా చూస్తున్నాం కదా అని వాళ్ళు అనేవాళ్ళట.

"ఇది నా గురించా?" అంది మేడమ్ నా వైపు తిరిగి.

"కాదు మేడమ్. న్యూయార్కులో ఒకామె గురించి."

బాబా దగ్గు వచ్చినట్టు నోటికి గుడ్డ అడ్డం పెట్టుకున్నారు. మేడమ్ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. పళ్ళెంలోంచి ఒక జామపండు ముక్క తీసుకుని నోట్లో వేసుకుంది.

"తరువాతి వాక్యం చెప్పండి" అంది వాళ్ళ నాన్నతో, మళ్ళీ టైప్ చెయ్యడానికి వంగుతూ.